కింద ఎడమ మూల

అమృత పనిలో కష్టమంతా నోరు మూసుకుని కూర్చోవడంలోనే ఉంది. కొత్త హోమ్ పేజీ ఒకటి తయారుచేసి, దాన్ని ఎప్పుడూ చూడని మనిషి ముందు పెట్టి, ఫలానాది వెతకండి అని చెప్పి, ఇక పక్కన కూర్చోవాలి. వాళ్ళు తడబడినా చెయ్యి అడ్డం పెట్టకూడదు. తప్పు చోట నొక్కినా అక్కడ కాదండీ అనకూడదు. ఊఁ కొట్టినా, మొహం చిట్లించినా ఆ పరీక్ష పాడైపోయినట్టే. చిన్నప్పటి నుంచీ వాగుడుకాయ అని పేరు పడ్డ పిల్లకి ఇది ఎంత శిక్షో ఎవరికి చెప్పుకుంటుంది.

ఆ బుధవారం మధ్యాహ్నం, ఈ పరాయిదేశానికి దక్షిణపు కొసనున్న ఇన్వర్‌కార్గిల్‌లో ప్రేమలీల ఆంటీ వంటింటి బల్ల దగ్గర అలాగే కూర్చుంది. బయట చల్లటి దక్షిణపు గాలి కిటికీని పట్టుకుని ఊపుతోంది. లోపల గదిని వెచ్చబెట్టే హీట్ పంపు తనలో తను ఏదో గొణుక్కుంటోంది. ఆంటీ కేర్ హోమ్‌లో, అదే ముసలివాళ్ళని చూసుకునే చోట, పొద్దుటి డ్యూటీ చేసి వచ్చి యూనిఫాం కూడా మార్చుకోకుండా, పైన స్వెట్టర్ మాత్రం వేసుకుని, లాప్‌టాప్ ముందు బుద్ధిగా సర్దుకుంది. ఆవిడ చేతుల నుంచి శానిటైజర్ వాసన వస్తోంది.

"ఆంటీ, మీరు వేరే ఊళ్ళో ఏదో కేర్ హోమ్‌లో కొత్తగా చేరారనుకోండి. ఈ 'తోడు' అంటే ఏంటో, ఎలా మొదలుపెట్టాలో పేజీ చూసి కనుక్కోవాలి. నేనేం మాట్లాడను. తప్పులొస్తే అవి పేజీవి, మీవి కావు."

"తోడు అంటే ఏంటో నేను కనుక్కోవాలా," అని ప్రేమలీల నవ్వింది.

నవ్వదూ మరి. తోడు అనే ఆ కంప్యూటర్ ప్రోగ్రాంని రాసింది ఆవిడ భర్త రత్నరాజు. కేర్ హోమ్‌లో ఒక షిఫ్టువాళ్ళు వెళ్తూ తర్వాతి షిఫ్టువాళ్ళకి అప్పజెప్పే సంగతులుంటాయి కదా, ఎవరికి ఏ మాత్ర ఇచ్చాం, ఎవరు అన్నం ముట్టలేదు, ఎవరు బాత్రూంలో జారారు అని, అవన్నీ అందులో పెట్టుకోవచ్చు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, లోపలంతా విప్పి చూసుకోవచ్చు, బాగుచేసి తిరిగి అందరికీ ఇవ్వచ్చు. అలా చేతులు మారుతూ ఎక్కడెక్కడికో వెళ్ళింది. పోయిన చలికాలం ఆయన గుండె ఆగి పోయాడు. అమృత ఆయన్ని చూడలేదు. ఆయన పోయాకే ఈ ప్రాజెక్టులో చేరింది, పాలు పితికే మిషన్ల కంపెనీలో చేసే ఉద్యోగం మీద విసుగుపుట్టి. ఇక్కడ జీతం లేదు గానీ, చేసిన పని మనుషులకి పనికొస్తుందన్న తృప్తి ఉంది.

ప్రేమలీల మౌస్ పట్టుకుంది. తెర మీది బాణం నెమ్మదిగా జారుకుంటూ కింద ఎడమ మూలకి వెళ్ళి ఆగింది. అక్కడేమీ లేదు, ఖాళీ. ఆవిడ బాణాన్ని అక్కడే వదిలేసి, పై నుంచి చదవడం మొదలుపెట్టింది. చూపుడు వేలితో చక్రం మాత్రం తిప్పుతూ, పెదాలు కదుపుతూ, తొందర లేకుండా చదివింది. మొదలుపెట్టండి అన్న బటన్ దగ్గర కాసేపు ఆగి, తల ఊపి, కిందకి దిగింది.

పేజీ చివర తోడు వెనక ఉన్న మనుషుల బొమ్మలు వరుసగా ఉన్నాయి, గుండ్రంగా. ఆవిడ ఒక్కో పేరూ పైకే చదివింది. గిరిధర్. ఎవరో ఫిలిప్పీన్స్ అమ్మాయి. ఎవరో జర్మనీ అతను. తర్వాత మొహం లేని బూడిదరంగు తలకాయ ఒకటి. దాని కింద ఇంగ్లీషులో ఒక మాట.

"ఘోస్ట్," అని చదివింది ప్రేమలీల. ఆగింది. "దెయ్యమా? ఇదెవరమ్మా?"

అమృతకి జవాబు తెలుసు. పొద్దున్న పేజీ సరిచూసుకుంటున్నప్పుడే చూసింది, ఆ వరసలో ఎవరు ఉండాల్సిందో కూడా అర్థమైంది. కానీ పరీక్ష ఇంకా నడుస్తోంది, తను మాట్లాడకూడదు. పళ్ళు బిగపట్టుకుని బల్ల మీద ఉప్పు డబ్బా వైపు చూస్తూ కూర్చుంది. జన్మలో అంత సిగ్గుపడింది లేదు.

అప్పుడే పక్కగదిలో వెలుగు వచ్చింది. తలుపు సందులోంచి నడవా గోడ మీద నీలంగా పడింది. ఆ గదిలో ఎవరూ లేరు. అమృత ఒళ్ళు జలదరించింది.

"లారీ పోయిందిలే," అంది ప్రేమలీల తల తిప్పకుండానే. "రోడ్డు అదిరితే ఆయన కంప్యూటర్ లేస్తుంది. కాసేపుండి మళ్ళీ అదే పడుకుంటుంది."

అమృత తెర రికార్డింగ్ ఆపేసింది. పరీక్ష పాడైతే పాడైంది.

"ఆంటీ, కోడ్ దాచే సైట్‌లో ఎవరిదైనా ఖాతా మూసేస్తే ఆ మనిషి స్థానంలో ఇలా వస్తుంది. ఆ పేరు వాళ్ళు పెట్టిందే, మనం పెట్టింది కాదు. అంకుల్ ఖాతా ఎవరో మూసేశారు."

"ఎవరో ఏంటి, నేనే." ప్రేమలీల చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "ఆయన పోయాక బ్యాంకువాళ్ళు, ఫోనువాళ్ళు, కరెంటువాళ్ళు, అందరిదీ ఒకటే మాట. ఆయన పేరు మీదున్నవి క్లోజ్ చెయ్యండి, క్లోజ్ చెయ్యండి అని. చర్చిలో పెద్దవాళ్ళు కూడా ఆలస్యం చెయ్యకమ్మా అన్నారు. ఆయన ఈమెయిల్ నా ఫోన్లో తెరిచి వెతుక్కుని ఒక్కోటీ మూసుకుంటూ వచ్చా. ఇదీ వాటిల్లో ఉంది. ఆర్ యూ ష్యూర్ అని అడిగింది. ష్యూర్ అని కొట్టా."

అమృత లాప్‌టాప్‌ని కాస్త తన వైపు తిప్పుకుంది.

"తిరిగి రాదా?" అంది ప్రేమలీల.

"రాదాంటీ."

ప్రేమలీల చాలాసేపు ఆ బూడిదరంగు తలకాయ వంక చూసింది. "సోమవారం ఈ పేజీ అందరికీ వెళ్ళిపోతుంది అన్నావు కదూ. ఆలోగా ఆయన పేరు ఎక్కడో ఓ చోట పెట్టగలవేమో చూడమ్మా. ఫొటో కూడా అక్కర్లేదు. దెయ్యం అని మాత్రం వద్దు. నా చేత్తో నేనే చేసినట్టుంది నాకు."

*

అన్యాయం చేసేవాళ్ళు చూడ్డానికి కూడా అలాగే ఉంటే ఎంత హాయిగా ఉండేదో. గిరిధర్ చాలా మంచివాడు. ఎక్కడో దూరాన మౌంట్ ఆల్బర్ట్‌లో ఉంటూ, ఇద్దరు పిల్లల్ని స్కూలుకి దింపి, ఆఫీసు పని చేసుకుని, మిగిలిన టైమంతా తోడుకి పోస్తాడు. రత్నరాజు పోయాక ఆ ప్రాజెక్టు చెల్లాచెదురు కాకుండా పట్టుకున్నది అతనే. గురువారం వీడియోలో అమృత చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు.

"ఆ వరస మనం రాసేది కాదమ్మా, దానంతటదే వస్తుంది. చేత్తో ఒక పేరు కలిపామనుకో, రేపు ఇంకొకరు అడుగుతారు. కోడ్ లోపల రత్నరాజన్న పేరు ఎక్కడికీ పోలేదు. చూసుకునేవాళ్ళు చూసుకుంటారు."

"లోపలికెళ్ళి ఎవరు చూస్తారండీ? ఆంటీ చూస్తుందా?"

"నాకూ బాధే. నేనూ ఆయన దగ్గరే నేర్చుకున్నా." గిరిధర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కానీ రూలు పెట్టింది నువ్వే కదా. హోమ్ పేజీ మీద ఏదున్నా అది వచ్చినవాళ్ళకి పనికిరావాలి, ఎవరూ వెతకనిది ఉండకూడదు అని. ఆ మాట మీద నా ఫొటో కూడా సగానికి తగ్గించావు. ఇప్పుడు కొత్తగా వచ్చిన నర్సుకి ఆ పేరుతో ఏం పనుంది చెప్పు? రాజన్న ఇప్పుడు ఆ పేజీలో ఎవరికి ఏం చేస్తాడు?"

అమృతకి తన మాటే అడ్డం వచ్చింది.

"ఒక పని చెయ్యి," అన్నాడు గిరిధర్. "ఇంకా టెస్టులు ఉన్నాయిగా. ఆంటీ కాకుండా ఒక్కరైనా ఆయన కోసం వెతికితే చెప్పు. ఆ క్షణమే పెట్టేద్దాం. సోమవారం దాకా నీ ఇష్టం."

ఎవరు వెతుకుతారు. ఆయన ఎవరో తెలియనివాళ్ళు ఆయన కోసం ఎలా వెతుకుతారు. ఆ షరతు ఒప్పుకున్నప్పుడే ఓడిపోయానని అమృత అనుకుంది.

*

శుక్రవారం అమృత, ప్రేమలీల పనిచేసే కేర్ హోమ్‌కి వెళ్ళి, టీ టైమ్‌లో స్టాఫ్ గదిలో లాప్‌టాప్ పెట్టింది. విన్సెంట్ అనే అతను ముందు కూర్చున్నాడు. ఒక చేత్తో బిస్కెట్ ముంచుకు తింటూనే రెండో చేత్తో మౌస్ అందుకున్నాడు. బాణం కింద ఎడమ మూలకి వెళ్ళి ఆగింది. చదివాడు, దొరకాల్సింది దొరికింది, లేచాడు. తర్వాత వచ్చినావిడ బాణం కూడా అటే వెళ్ళింది. ఆ తర్వాత వచ్చినావిడదీ అంతే. ఆంటీతో పనిచేసేవాళ్ళే కదా, ఒకళ్ళని చూసి ఒకళ్ళకి అలవాటై ఉంటుందిలే అని అమృత సరిపెట్టుకుంది.

ఫ్లాట్‌కి వచ్చి కీర్తనని కూర్చోబెట్టింది. కీర్తన తన ఫ్లాట్‌మేట్, తోడు పేరు వినడం తప్ప ముట్టుకుని ఎరగదు. ఆమె బాణం పేజీ అంతా కోడిపిల్లలా తిరిగింది. మూల వైపు తొంగి కూడా చూడలేదు. అమృతకి ప్రాణం కాస్త కుదుటపడింది.

సాయంత్రం దేశం ఆ చివరనున్న హామిల్టన్ నుంచి ఫేబీ వీడియోలోకి వచ్చింది. అక్కడ ఒక కేర్ హోమ్‌లో నర్సు. నెల్లూరు పిల్ల, ఇన్వర్‌కార్గిల్ ఎలా ఉంటుందో కూడా తెలియదు. పని చెప్పి అమృత నోరు మూసుకుంది. ఫేబీ బాణం ఒక్క క్షణం ఊగి, ఎవరో చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళినట్టు తిన్నగా కింద ఎడమ మూలకి పోయి నిలబడింది.

పరీక్ష అయ్యాక అమృత ఉండబట్టలేక అడిగింది. "మౌస్ అక్కడెందుకు పెట్టావు ఫేబీ?"

"ఎక్కడ పెట్టానక్కా?" అంది ఫేబీ. చూసుకుంది. "ఏమో. ఇక్కడ మేమందరం అలాగే. మా సీనియర్ సిస్టర్ నేర్పింది, ఫిలిప్పీన్స్ ఆవిడ. ఆవిడకి ఎవరు నేర్పారో మరి. ఎందుకు, తప్పా?"

"తప్పేం కాదు."

శనివారం రికార్డింగులన్నీ ఒకదాని మీద ఒకటి పరిచి చూసింది. జనం బాణం ఎక్కువసేపు నిలిపిన చోట ఎర్రగా, వెళ్ళని చోట తెల్లగా కనిపిస్తుంది. బటన్ దగ్గర కొంచెం ఎరుపు ఉంది. పేర్ల దగ్గర కొంచెం. కింద ఎడమ మూల మాత్రం నెత్తురు గడ్డకట్టినట్టు ఉంది, ఏమీ లేనిచోట. రికార్డింగులన్నిటినీ ఒకేసారి ఆడించింది. శబ్దం ఉండదు వాటికి. కీర్తనది తప్ప బాణాలన్నీ తలో వైపు నుంచీ బయల్దేరి, ఒక్కటొక్కటిగా ఆ మూలకి చేరి, కదలకుండా నిలబడ్డాయి. ఎవరికోసమో కాచుక్కూర్చున్నట్టు.

భయం వేసింది. పట్టపగలు, వంటింట్లో కుక్కర్ కూత పెడుతుండగా, నిజంగా భయం వేసింది. పేజీలో తనకి తెలియకుండా అక్కడేమైనా ఉండిపోయిందేమోనని కోడ్ అంతా చూసింది. ఏమీ లేదు. పేజీని కుడిఎడమలు తిరగేసింది, అద్దంలో చూసినట్టు. విన్సెంట్‌కి పంపి ఇంకోసారి చెయ్యమని బతిమాలింది. అతను చేశాడు. పేజీ అంతా ఎడమ కుడైనా అతని బాణం ఆ మూలకే వెళ్ళింది.

టీ పెట్టుకోడానికి లేచి, కప్పుతో వచ్చి చూస్తే తన తెర మీద బాణం కింద ఎడమ మూల ఉంది. లేచేముందు తనే పెట్టి ఉంటుంది. పెట్టినట్టు గుర్తు లేదు. అమృత లాప్‌టాప్ మూసి కీర్తన గదిలోకి వెళ్ళి కూర్చుంది, ఎందుకొచ్చావంటే చలేస్తోందని చెప్పింది.

*

ఆదివారం చర్చి అయ్యాక ప్రేమలీల భోజనానికి పిలిచింది. కోడికూర, పులావు, పెరుగుపచ్చడి. అమృత తింటోందే గానీ మనసు పక్కగది మీదే ఉంది. పేరు విషయం ఏమైందని ఆంటీ అడగలేదు, అడిగితే ఈ పిల్ల ఇబ్బంది పడుతుందని ఆగినట్టుంది. అది ఇంకా బాధ అనిపించింది.

రోడ్డు మీద పాల ట్యాంకరో ఏదో పోయింది. గిన్నెలు సన్నగా మోగాయి. నడవాలో నీలం వెలుగు పడింది.

"ఆంటీ, ఒకసారి చూడచ్చా?"

"చూడమ్మా. నేను దాన్ని ముట్టుకోలేదు. తుడవడానికి కూడా మనసు రాలేదు."

గది చల్లగా ఉంది. కుర్చీ వెనక ఆయన రెయిన్ కోటు అలాగే వేలాడుతోంది. మౌస్ మీద సన్నగా దుమ్ము పట్టింది. తెర మీద తోడు తెరిచి ఉంది, పాత పేజీ, రంగులన్నీ ఎబ్బెట్టుగా ఉన్న పేజీ. బాణం కింద ఎడమ మూల ఉంది. ఆయన చివరిసారి చెయ్యి తీసినప్పుడు ఎక్కడ ఆగిందో అక్కడే, అప్పటి నుంచీ.

అమృత కుర్చీ వీపు పట్టుకుంది. "అంకుల్ మౌస్ అక్కడెందుకు పెట్టారు?"

"మూల కూర్చోబెట్టడమా? అది ఆయన చాదస్తం," అంది ప్రేమలీల గుమ్మంలోంచి. "మొదట్లో మా హోమ్‌లోనే జరిగింది. ఎవరో మౌస్ తీసుకెళ్ళి 'మాత్ర ఇచ్చాం' అనే బటన్ మీద వదిలేసి పేషెంట్ దగ్గరకి పరిగెత్తారు. ఇంకెవరిదో మోచెయ్యి తగిలి అది నొక్కుకుపోయింది. మాత్ర ఇచ్చినట్టు పడింది. ఆ పెద్దాయనకి ఆ పూట మందు లేదు. ఏమీ కాలేదు గానీ ఈయన వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు. తోడులో ఆ మూల ఉన్నవన్నీ తీసేశాడు. నొక్కినా ఏమీ అవ్వని చోటు ఒకటి ఉండాలి అన్నాడు. ఇక ఎవరికి నేర్పినా ముందు ఆ మాటే. మౌస్‌ని మూల కూర్చోబెట్టండి, చేతులు ఖాళీ చేసుకోండి, అప్పుడు చదవండి అని. ఇక్కడివాళ్ళకి దగ్గరుండి, బయట ఊళ్ళవాళ్ళకి వీడియోలో. ఎంతమందికి చెప్పాడో నాకే తెలీదు."

అమృత ఆ బాణం వైపే చూస్తూ నిలబడింది. కాసేపటికి తెర దానంతటదే నల్లబడింది. భయం ఎప్పుడు పోయిందో తెలియలేదు, దాని చోట ఏడుపు వచ్చింది. ప్రేమలీల కంగారుపడి దగ్గరకి వచ్చి, ఏడవాల్సింది నేనైతే నువ్వేంటే పిచ్చిదానా అని భుజం తట్టింది.

*

సోమవారం పొద్దున్న వీడియోలో గిరిధర్ హుషారుగా ఉన్నాడు. అమృత పంపిన ఎరుపు బొమ్మని ముందే చూశాడు. తన తెర ఆమెకి కనిపించేలా పెట్టి మాట్లాడుతున్నాడు.

"అద్భుతమమ్మా ఇది. జనం మొత్తం ఆ మూలకి పోతుంటే అక్కడ ఖాళీగా వదిలేశాం చూడు. మొదలుపెట్టండి బటన్ తీసుకెళ్ళి అక్కడ పెట్టెయ్. వెతుక్కునే పనే ఉండదు. ఈ ఒక్కటీ మార్చి సాయంత్రం వదిలేద్దాం."

అలా అంటూ అతను మౌస్ మీద నుంచి చెయ్యి తీశాడు, కాఫీ అందుకోడానికి. అతని బాణం ఆమె తెర మీద కనిపిస్తూనే ఉంది. కింద ఎడమ మూల కదలకుండా నిలబడి ఉంది.

ఒక్కసారి నోరు తెరిచి, మళ్ళీ మూసుకుంది అమృత. అలవాటైన పనే కదా అని ఓర్చుకుంది. అతను కాఫీ తాగాడు, పిల్లల స్కూలు సంగతి ఏదో చెప్పాడు, కప్పు దించాడు. బాణం అక్కడే ఉంది.

"గిరిధర్ గారూ, మీ మౌస్ ఎక్కడుంది?"

"మౌసా? ఇక్కడే." చూశాడు. "మూల ఉంది. ఎందుకు?"

"అక్కడ ఎందుకు పెట్టారు?"

"ఎందుకేముంది, చేతికి ఏదీ తగలకుండా అలా..." అని ఆగిపోయాడు.

గిరిధర్ కళ్ళజోడు తీశాడు గానీ తుడుచుకోలేదు, చేతిలోనే పట్టుకున్నాడు.

"రాజన్న కాల్ పెట్టుకుని పక్కన కూర్చున్నట్టే కూర్చునేవాడు," అన్నాడు చివరికి. "ముందు మూల కూర్చోబెట్టు గిరీ అనేవాడు. నేను ఏదో పెద్ద ప్రశ్న అడిగితే కూడా ముందు అదే. ఎంత విసుక్కున్నానో ఆయన్ని."

"ఫేబీ అని హామిల్టన్ అమ్మాయికి ఆయన పేరు కూడా తెలియదండీ. ఆ అమ్మాయికి నేర్పినావిడకీ తెలిసుండదు. ఎవరైనా వెతికితే చెప్పమన్నారు. పేరు కోసం ఎవరూ వెతకలేదు. తోడు వాడేవాళ్ళందరూ ఆయన చెప్పిన చోటికే వెళ్ళి ఆగారు. మీతో సహా."

గిరిధర్ తల ఊపాడు. "బటన్ వద్దు అక్కడ. పిచ్చిమాట అన్నాను. తగిలితే ఏమీ అవ్వకూడదు."

"అవ్వదు. పేరు ఉంటుందంతే, ఉత్త అక్షరాలే. నొక్కినా ఏమీ జరగదు."

"పెట్టు," అన్నాడు గిరిధర్. "ఆ బూడిద తలకాయ కూడా తీసెయ్యమ్మా. చూడలేకపోతున్నా."

*

సాయంకాలం వెలుతురు ఇంకా ఉండగానే అమృత ఆంటీ వంటింట్లో లాప్‌టాప్ తెరిచింది. ఏం మారిందో చెప్పలేదు. "మొన్నటిలాగే ఆంటీ, పేజీ చూడండి, నేనేం మాట్లాడను," అని పక్కన కూర్చుంది.

ప్రేమలీల మౌస్ పట్టుకుంది. బాణం జారుకుంటూ మూలకి వెళ్ళి ఆగింది. పై నుంచి చదువుతూ వచ్చింది, తొందర లేకుండా. చివర మనుషుల బొమ్మల దగ్గర ఊపిరి బిగబట్టినట్టుంది. గిరిధర్, ఫిలిప్పీన్స్ అమ్మాయి, జర్మనీ అతను. బూడిదరంగు తలకాయ లేదు. దాని బదులు ఏమీ లేదు. ఆవిడ మొహం వాడిపోయింది. పోనీలే అన్నట్టు, మౌస్ పక్కకి జరపడానికి బాణం కోసం కిందకి చూసింది.

కింద ఎడమ మూల చిన్న అక్షరాల్లో ఉంది. 'రత్నరాజు మొదలుపెట్టారు. ఇక్కడ నొక్కినా ఏమీ కాదు.' బాణం కొస ఆ పేరుని ఆనుకుని ఉంది.

ప్రేమలీల చూపుడు వేలు మౌస్ మీద ఆడింది. ఒకసారి నొక్కింది. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కింది. అమృత ఉప్పు డబ్బా వైపు చూస్తూ కూర్చుంది, కళ్ళు మసకబారుతున్నా తుడుచుకోకుండా. ఆవిడ ఇంకోసారి నొక్కింది, నెమ్మదిగా, నిద్రపోతున్న మనిషిని తట్టినట్టు.

పక్కగదిలో వెలుగు వచ్చింది. నడవా గోడ మీద నీలంగా పడింది. ఇద్దరూ తల తిప్పి చూశారు. ఈసారి లారీ మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.